నడక నేర్చిన పిల్లల తరగతిలో చేతులతో చేసి నేర్చుకునే పనులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడాదిన్నర నిండినప్పటి నుంచి మూడేళ్ళు వచ్చేవరకు పిల్లలు గడిపే తరగతి గదిలో ఏ పనులు చేయించాలి, ఎలా చేయించాలి, ఏవి వద్దు అన్న విషయాలపై ప్లేస్కూలు టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, క్రెష్ నడిపేవారు, తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో మామూలు ఇళ్ళలోనూ బజారులోనూ దొరికే వస్తువులను దృష్టిలో పెట్టుకునే సమాధానాలు రాశాము.

ప్రశ్న: ఇంత చిన్న పిల్లలకు చేతిపనులు ఎందుకు? పాటలు, రైమ్స్, ఏబీసీడీలు చాలవా?

పాటలు తప్పకుండా కావాలి. అభినయిస్తూ పాడే పాటల వల్ల పిల్లలకు మాట, లయ రెండూ పట్టుబడతాయి. అయితే బరువు అంటే ఏమిటో రెండేళ్ళ బిడ్డ విని తెలుసుకోలేదు. నీళ్ళు నిండిన చెంబును రెండు చేతులతో ఎత్తబోయి, ఎత్తలేక, కొన్ని నీళ్ళు ఒంపేసి మళ్ళీ ఎత్తినప్పుడు తెలుసుకుంటుంది. పుట్టినప్పటి నుంచి సుమారు రెండేళ్ళ వరకు పిల్లలు ఇంద్రియాలతోనూ శరీర కదలికలతోనూ ఆలోచిస్తారని స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే వివరించారు. రెండేళ్ళు దాటాక మాట, ఊహ తోడవుతాయి కానీ, చేతితో తాకి చూసి తేల్చుకునే అలవాటు ఆ తరువాత కూడా చాలాకాలం కొనసాగుతుంది. ఒకటి నుంచి పది వరకు గడగడా అప్పజెప్పే రెండేళ్ళ పాపకు తెలిసింది ఒక శబ్దాల వరస మాత్రమే. అదే పాప మూడు అరటిపళ్ళు తెచ్చి బుట్టలో పెట్టగలిగిన రోజున మూడు అనే సంఖ్య ఆమె సొంతమవుతుంది. అందువల్ల ఈ వయసులో చేతిపనినే చదువుగా లెక్కించాలని, మిగిలినవన్నీ దానికి తోడుగా నడవాలని మేము గట్టిగా నమ్ముతున్నాము.

ప్రశ్న: ఏ వయసులో ఏ పని ఇవ్వాలి?

పిల్లలందరూ ఒకే వేగంతో ఎదగరు కనుక నెలల లెక్కను కొండగుర్తుగా మాత్రమే తీసుకోవాలి. ఏడాది నిండేసరికి చాలామంది బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న వస్తువును పట్టుకోగలుగుతారు. ఏడాదిన్నర వయసులో డబ్బాలో వేయడం, డబ్బాలోంచి తీయడం, బోర్లించడం అంటే వారికి మహా ఇష్టం. రెండేళ్ళకు ఐదారు చెక్కదిమ్మలను ఒకదానిపై ఒకటి నిలబెట్టడం, అట్టపుస్తకం పేజీలు తిప్పడం, పెద్ద మూతను తిప్పి తీయబోవడం కనిపిస్తాయి. రెండున్నర దాటాక చిన్న జగ్గులోంచి గ్లాసులోకి నీళ్ళు పోయడం, స్పాంజి పిండడం, లావుపాటి పూసలను తాడుకు ఎక్కించడం, పెద్ద బొత్తాలు పెట్టడం సాధ్యమవుతుంది.

వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో ఉన్నప్పుడు ప్రతి ఒక్కరికీ విడిగా సామాను సమకూర్చవలసిన పని లేదు. నాలుగు స్టీలు డబ్బాలు, వాటి మూతలు ఇస్తే ఏడాదిన్నర బిడ్డ వాటిని మోగిస్తుంది, రెండేళ్ళ బిడ్డ ఏ మూత ఏ డబ్బాకు సరిపోతుందో వెతుకుతుంది, మూడేళ్ళకు దగ్గరపడిన బిడ్డ వాటిని చిన్న నుంచి పెద్దకు వరస పెడుతుంది. మంచి వస్తువును గుర్తించే పద్ధతి కూడా ఇదే: అది ఒకే రకంగా వాడుకోవడానికి మాత్రమే పనికివస్తే తొందరలోనే అటక ఎక్కుతుంది.

ప్రశ్న: మూడు గంటల తరగతిని ఎలా నడపాలి?

పావుగంటకు ఒక పీరియడ్ చొప్పున కోసిపెట్టే టైంటేబులు ఈ వయసుకు పనికిరాదు. పిల్లలు వచ్చి, చెప్పులు విడిచి, సంచి తగిలించిన తరువాత కనీసం 45 నిమిషాల నుంచి గంట వరకు ఎవరికి నచ్చిన పని వారు ఎంచుకునే సమయం ఉండాలి. పిల్లల చేతికి అందేలా, సుమారు రెండడుగుల ఎత్తులో ఉన్న అరలో ఆరేడు పళ్ళేలు అమర్చి, ఒక్కో పళ్ళెంలో ఒక్కో పనికి కావలసిన సామానంతా ఉంచాలి. ఇరవై రకాలు పెడితే పిల్లలు దేనిమీదా నిలవక అన్నీ కిందకి లాగేస్తారు. ఒక పనిపై బిడ్డ మూడు నాలుగు నిమిషాలు మాత్రమే నిలవడం సహజమే, మనసుకు నచ్చిన పనిమీద ఇరవై నిమిషాలు కూర్చోవడమూ సహజమే. అలా కూర్చున్న బిడ్డను పాట సమయం అయిందని లేపి తీసుకుపోవడం కంటే పెద్ద అన్యాయం ఆ గదిలో మరొకటి ఉండదు.

ఆ తరువాత ఫలహారం, ఆరుబయట ఆట, పది నిమిషాలకు మించకుండా పాటలు, కథ సరిపోతాయి. ఫలహార సమయాన్ని కూడా పనిగా మార్చవచ్చు. ప్లేటు తెచ్చుకోవడం, అరటిపండు తొక్క తీసుకోవడం, చెత్తబుట్టలో వేయడం, బల్ల తుడవడం అన్నీ నేర్చుకోదగినవే. ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాల శారీరక కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది కనుక, ఎక్కడం, దిగడం, మోయడం, తొయ్యడం అనేవి తరగతిలోనూ ఉండాలి. సగం నీళ్ళు నింపి మూత బిగించిన రెండు లీటర్ల సీసాను గది ఈ మూల నుంచి ఆ మూలకు మోయడం రెండేళ్ళ బిడ్డకు చాలా ఘనమైన పని.

ప్రశ్న: కొత్తగా తరగతి మొదలుపెడుతున్నాము. ఏమేమి కొనాలి?

ముందు స్టీలు సామాను కొట్టుకు, తరువాత వంటింటికి వెళ్ళాలి, బొమ్మల దుకాణం చివరిది. చిన్న చెంబులు, చేతికి సరిపోయే గ్లాసులు, గరిటెలు, జల్లెడ, గరాటు, టీ వడపోసేది, వెదురు చేటలు, తాటాకు బుట్టలు, కొబ్బరి చిప్పలు, స్పాంజీలు, నూలు తువ్వాళ్ళు, పెద్ద మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు ఉంటే తరగతి సగం సిద్ధమైనట్టే. కొబ్బరి చిప్పల అంచులను గరుకు కాగితంతో బాగా రుద్ది నునుపు చేయాలి. స్టీలు వస్తువుల అంచులను వేలితో తడిమి చూశాకే కొనాలి.

ఇంగ్లండులో పనిచేసిన ఎలినర్ గోల్డ్‌ష్మీడ్ అనే విద్యావేత్త ఇంట్లో దొరికే రకరకాల వస్తువులను ఒక బుట్టలో ఉంచి పసిపిల్లలకు ఇచ్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. చెక్క, లోహం, గుడ్డ, పీచు, తోలు ఇలా ఒక్కో వస్తువు స్పర్శ ఒక్కో విధంగా ఉండాలన్నది అందులోని మర్మం. మన ఇళ్ళలో అలాంటి బుట్ట నింపడానికి అరగంట చాలు.

బొమ్మలు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడాలి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు భారతీయ ప్రమాణాల సంస్థ ధ్రువీకరణ తప్పనిసరి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను చెక్కి, లక్క పూసి తయారుచేసే బొమ్మలకు కోణాలు లేని నునుపు, చేతికి ఇంపైన బరువు ఉంటాయి. సహజ రంగులతో చేసినవాటిని, విడిపోయే చిన్న ముక్కలు లేనివాటిని ఎంచుకుంటే ఈ వయసుకు బాగుంటాయి. కొండపల్లి బొమ్మలు మన సంపదే అయినా, తేలికపాటి పొణికి కర్రతో విడివిడి భాగాలుగా చేసి అతికించినవి కాబట్టి చూపించడానికే తప్ప చప్పరించే పిల్లల చేతికి ఇవ్వడానికి తగవు.

ప్రశ్న: నీళ్ళతో ఆడించమంటున్నారు. గది అంతా తడవదా? అందులో నేర్చుకునేది ఏముంది?

గది తడుస్తుంది, అందుకు ముందే సిద్ధపడాలి. వరండాలో గానీ, గదిలో నీళ్ళు పోయే మార్గం ఉన్న మూలన గానీ వెడల్పాటి టబ్బు పెట్టి, కింద గోనెపట్టా పరిచి, ప్రతి బిడ్డకూ పాత చొక్కా ఒకటి తొడిగితే ఇబ్బంది చాలావరకు తీరుతుంది. టబ్బులో నీళ్ళు 5 సెంటీమీటర్లకు మించకూడదు. ఆ కాస్త నీటిలో కూడా చిన్నపిల్లలు మునిగిపోయే ప్రమాదం ఉంది కనుక ఒక పెద్దమనిషి దగ్గరే కూర్చోవాలి, ఫోను వచ్చినా, ఎవరైనా పిలిచినా కదలకూడదు. ఆట ముగిసిన మరుక్షణం నీళ్ళు పారబోయాలి. ఒకేసారి నలుగురికి మించి టబ్బు దగ్గర ఉండనివ్వవద్దు.

నేర్చుకునేది చాలా ఉంది. మొదటి వారం పిల్లలు అరచేతితో నీటిని కొట్టడం, ముంచడం తప్ప ఇంకేమీ చేయరు. ఆ దశను ఆపకూడదు. తరువాత చెంబుతో ముంచి పోయడం మొదలవుతుంది. గ్లాసు నిండాక కూడా పోస్తూనే ఉంటారు, పొర్లిపోవడాన్ని ఆశ్చర్యంగా చూస్తారు. కొన్నాళ్ళకు గ్లాసు అంచు దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. ఆ ఆగడంలో కన్ను, చెయ్యి, ఆలోచన మూడూ కలిసి పనిచేస్తున్నాయి, అది ఎవరూ నోటితో చెప్పి నేర్పగలిగినది కాదు. జల్లెడలో నీళ్ళు నిలవవని, గరాటులోంచి సన్నగా ధార పడుతుందని, స్పాంజి నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతుందని, పిండితే తేలికవుతుందని వరసగా కనిపెడతారు. కొబ్బరి చిప్ప తేలుతుంది, స్టీలు చెంచా మునుగుతుంది, అదే స్టీలుతో చేసిన గిన్నె తేలుతుంది. టీచరు వెంటనే కారణం వివరించనక్కరలేదు. "ఇది మునిగింది చూశావా? మరి గిన్నె ఏమవుతుందో వేసి చూద్దామా నాన్నా?" అని అడిగి వేచి ఉంటే చాలు.

చలికాలంలో గోరువెచ్చని నీళ్ళు వాడాలి. జలుబు, జ్వరం, చర్మంపై పుళ్ళు ఉన్న పిల్లలకు ఆ రోజు వేరే పని చూపించాలి. చివరగా ఒలికిన నీళ్ళను తుడిచే పనిని పిల్లలకే ఇవ్వాలి. చాలామందికి పోయడంకన్నా తుడవడమే ఎక్కువ ఇష్టం.

ప్రశ్న: పిండి, మట్టి, ఇసుక: వీటిలో ఏది మంచిది?

మూడూ మంచివే, మూడింటికీ వేర్వేరు జాగ్రత్తలు కావాలి. పిండి ముద్దకు మా సలహా వినాయకచవితి ఉండ్రాళ్ళ పిండి. ఒక గ్లాసు నీళ్ళు మరిగించి, రెండు చెంచాల నూనె వేసి, దాదాపు అంతే కొలత బియ్యప్పిండి పోసి కలిపి, మూతపెట్టి మగ్గనివ్వాలి. బాగా చల్లారాక మెత్తగా మర్దిస్తే చేతికి అంటని ముద్ద వస్తుంది. పసుపు, బీట్‌రూట్ రసం, పాలకూర రసం కలిపితే మూడు రంగులు సిద్ధం. ఏ రోజుది ఆ రోజే చేసి, మిగిలినది పారేయాలి. నిలవ ఉండటం కోసం గుప్పెళ్ళకొద్దీ ఉప్పు కలిపే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. అంత ఉప్పు మింగితే చిన్న పిల్లలకు ప్రమాదం కనుక మూడేళ్ళలోపు తరగతిలో దానిని వాడవద్దు. పచ్చి గోధుమపిండి, మైదాలలో హానికరమైన సూక్ష్మజీవులు ఉండవచ్చు కాబట్టి వాటిని ఉడికించకుండా ఇవ్వకూడదు.

ముద్దను గుచ్చడం, గిల్లడం, నులమడం, అరచేతుల మధ్య దొర్లించడం వల్ల వేళ్ళకు బలం వస్తుంది. పూరీ కర్ర, జంతికల గొట్టం, దువ్వెన వంటివి మొదటి రోజే ఇవ్వకుండా, చేతులతో చేయగలిగినదంతా చేశాక ఒక్కొక్కటే అందించాలి. ఏనుగు చెయ్యి, లడ్డు చెయ్యి అని చెప్పవద్దు. రెండేళ్ళ బిడ్డకు ముద్ద ముద్దగానే ఆసక్తికరం.

చెరువు బంకమట్టి దొరికితే అది పిండికన్నా గట్టిగా, చల్లగా ఉండి భుజం వరకు పని పెడుతుంది. గాజు పెంకులు, రాళ్ళు లేకుండా చూసి తేవాలి. ఇసుకను జల్లించి, కుక్కలూ పిల్లులూ మురికి చేయకుండా రాత్రి మూత కప్పి, అప్పుడప్పుడు ఎండబెట్టాలి.

ప్రశ్న: ఏది ఇచ్చినా నోట్లో పెట్టుకుంటారు కదా? ఏవేవి అసలు వాడకూడదు?

నోటితో తెలుసుకోవడం ఈ వయసు లక్షణం. దానిని తిట్టి మాన్పించలేము, గదిని మాత్రం సరిచేయగలము. 4 సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పట్టే వస్తువు ఏదైనా గొంతుకు అడ్డుపడగలదని భావించి పక్కన పెట్టాలి. గుండ్రని వస్తువుల విషయంలో ఇంకాస్త పెద్దవాటినే ఎంచుకోవాలి. గోలీలు, గవ్వలు, చింతపిక్కలు, బొత్తాలు, వేరుశనగ గుళ్ళు, బఠానీలు, పగిలిన బెలూను ముక్కలు ఈ గదిలోకి రాకూడదు. ఇంటర్నెట్లో కనిపించే చాలా చేతిపనుల్లో రాజ్మా గింజలు, శనగలు వంపి ఇస్తుంటారు. అవి పెద్ద పిల్లలకు మాత్రమే. గడియారాలలోనూ వెలుగుల బొమ్మలలోనూ ఉండే బొత్తాం బ్యాటరీ మింగితే గంటల్లోనే అన్నవాహికను కాల్చివేస్తుంది కాబట్టి అలాంటి వస్తువులు అసలే వద్దు.

మన ప్రాంతంలో మరొక అపాయం ఉంది. వామనగుంటల ఆటకు కొన్ని ఇళ్ళలో వాడే గురివింద గింజలు తీవ్రమైన విషం, నమిలితే ప్రాణాంతకం కావచ్చు. ఆముదం గింజలూ విషపూరితమే. సీతాఫలం గింజల పొడి కంటిలో పడితే తీవ్రమైన గాయం చేస్తుంది. కుంకుమ, సింధూరంలో సీసం ఉండే అవకాశం ఉంది కనుక రంగులుగా వాడకూడదు.

జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా టీచరు, ఆయా ఇద్దరూ ప్రథమ చికిత్సలో శిక్షణ పొంది ఉండాలి. ఏడాది దాటిన బిడ్డకు గొంతులో ఏదైనా అడ్డుపడి దగ్గలేకపోతుంటే, ముందుకు వంచి రెండు భుజపు ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా చరచాలి. అయినా రాకపోతే వెనుకనుంచి పట్టుకుని బొడ్డుకు కాస్త పైన ఐదుసార్లు లోపలికి, పైకి నొక్కాలి. వస్తువు బయటపడేవరకు ఈ రెండింటినీ మార్చిమార్చి చేయాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకకూడదు. ఇంకొకరు వెంటనే 108కి ఫోను చేయాలి.

ప్రశ్న: మా పాప ఇచ్చినదల్లా విసిరేస్తుంది. మరో బాబు ఒకటే పని పదేపదే చేస్తాడు. ఇది మొండితనమా?

కాదు. విసరడం, ఒకచోట నుంచి మరోచోటికి చేరవేయడం, దాచడం, చుట్టడం, ఒకదాంట్లో ఒకటి పెట్టడం: ఈ వయసు పిల్లలు ఇలాంటి ఒకే కదలికను వారాల తరబడి రకరకాల వస్తువులతో చేసి చూస్తారు. విసరడాన్ని నిషేధించే బదులు విసరదగిన వస్తువు, విసరదగిన చోటు చూపించాలి. గుడ్డ బంతులు, ఒక పెద్ద వెదురు గంప ఇచ్చి "చెంబు విసరకూడదమ్మా, ఇదిగో బంతి, గంపలోకి విసురు" అంటే పాపకు కావలసినది దొరుకుతుంది, పక్కవారి తలా క్షేమంగా ఉంటుంది. మూతను నలభైసార్లు తీసి పెట్టే బాబును అలా చేసుకోనివ్వాలి. ఆ పని పూర్తిగా వశమయ్యాక తనంతట తానే లేస్తాడు.

ప్రశ్న: ఒకరి చేతిలోది ఒకరు లాక్కుని ఏడుస్తుంటే ఏం చేయాలి?

ఇష్టమైన వస్తువు ముందుగా రెండు మూడు కొనాలి. ఈ పిల్లలు కలిసి ఆడుకోవడం కన్నా పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వారు ఆడుకోవడం ఎక్కువ. పక్కవాడికి ఇవ్వమని బలవంతపెడితే లాక్కోవడం పెద్దల హక్కు అని మాత్రమే అర్థమవుతుంది. "అది చిన్ని చేతిలో ఉంది. చిన్ని అయ్యాక నీకు. అంతవరకు నా దగ్గర కూర్చో" అని చెప్పి నిజంగానే ఆ వంతు వచ్చేలా చూడాలి. కొరికినప్పుడు, కొట్టినప్పుడు ముందు దెబ్బతిన్న బిడ్డ దగ్గరకు వెళ్ళాలి.

ప్రశ్న: అక్షరాభ్యాసం అయిపోయింది. ఇక పలక మీద దిద్దించవచ్చు కదా?

బాసరలోనో, ఊరి గుడిలోనో, ఇంట్లోనో బియ్యంలో బిడ్డ వేలు పట్టి రాయించడం మనకు పవిత్రమైన వేడుక. చదువు పట్ల ఇంటివారి గౌరవాన్ని బిడ్డకు తెలిపే రోజు అది. మరునాటి నుంచే రోజూ పేజీ నింపమనడానికి మాత్రం ఆ చెయ్యి సిద్ధంగా ఉండదు. మణికట్టులో ఉండవలసిన 8 చిన్న ఎముకల్లో రెండేళ్ళ వయసుకు గట్టిపడటం మొదలైనవి రెండు మూడు మాత్రమే, మిగిలినవి ఇంకా మృదులాస్థిగానే ఉంటాయి. బిడ్డ బలపాన్ని పిడికిలితో పట్టుకుని భుజం నుంచి చెయ్యి కదిపి గీస్తుంది. తరువాత కదలిక మోచేతికి, అక్కడి నుంచి మణికట్టుకు, చివరికి వేళ్ళకు దిగివస్తుంది. ఈ దారిని దాటించి మూడు వేళ్ళ పట్టును ముందే రుద్దితే వేళ్ళు బిగుసుకుంటాయి, రాత అంటేనే విముఖత కలుగుతుంది.

బదులుగా గోడకు పెద్ద నల్లబల్ల కొట్టి నిలబడి గీయనివ్వండి. సుద్దముక్కలు లావుగా ఉండాలి. నీళ్ళలో ముంచిన కుంచెతో గచ్చు మీద గీస్తే, ఎండకు ఆ గీతలు ఆరిపోవడం కూడా పిల్లలకు వింతే. పళ్ళెంలో పలుచగా పరిచిన బొంబాయి రవ్వలో వేలితో గీయించవచ్చు. పిండి ముద్ద పిసికిన చెయ్యి, స్పాంజి పిండిన చెయ్యి, తువ్వాలు మడతపెట్టిన చెయ్యి ఐదేళ్ళకు పెన్సిలును తేలిగ్గా పట్టుకుంటుంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఉన్న పునాది దశలో ఆటకు, చేసి తెలుసుకోవడానికి ప్రాధాన్యం ఇచ్చింది. అంతకన్నా చిన్నవారికి ఇది మరింతగా వర్తిస్తుంది.

ప్రశ్న: ఎడమ చేత్తో చేస్తోంది. మార్పించాలా?

మార్పించవద్దు. ఏ చెయ్యి వాటమో స్థిరపడటానికి మూడు నాలుగేళ్ళు, కొందరికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. వస్తువును బిడ్డకు ఎదురుగా మధ్యలో ఉంచి, ఏ చేత్తో తీసుకోవాలో ఆమెకే వదిలేయండి. అన్నం కుడి చేత్తో తినడం ఇంటి మర్యాదగా నెమ్మదిగా అలవాటు చేసుకోవచ్చు గానీ, గీయడం, పేర్చడం వంటివాటిలో చెయ్యి మార్పించే ప్రయత్నం అనవసరం. ఏడాదిన్నర నిండకముందే ఒకే చేతిని వాడుతూ రెండో చేతిని అసలు కదపకపోతే మాత్రం వైద్యుడికి చూపించాలి.

ప్రశ్న: పండుగలను ఈ పనుల్లో ఎలా కలపాలి?

పండుగలు చేతికి పని పెట్టేవే. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు, బంతి పూలను రంగుల వారీగా మూడు పళ్ళేల్లో వేయించవచ్చు. సంక్రాంతికి ముగ్గు వేయమని అడగకుండా, గుప్పెడు బియ్యప్పిండి ఇచ్చి గచ్చు మీద చల్లనిస్తే చాలు. వినాయకచవితికి మట్టి ముద్ద ఎలాగూ ఉంది. అయితే పూజకు తెచ్చే ఇరవై ఒక్క పత్రులలో ఉమ్మెత్త, గన్నేరు ఉంటాయి, ఆ రెండూ విషం. పిల్లలు తాకే పళ్ళెంలోంచి వాటిని తీసివేయాలి. భోగిపళ్ళలో ఉండే రేగుపళ్ళు, శనగలు, చిల్లర నాణేలు కూడా గొంతుకు అడ్డుపడేవే, తరగతిలో చేసేటప్పుడు పూలరేకులతో మాత్రమే చేయండి.

ప్రశ్న: పని చేయిస్తున్నప్పుడు ఏ భాషలో మాట్లాడాలి? ఇంగ్లీషు మీడియం స్కూలు కదా!

ఇంటి భాషలో మాట్లాడాలి. చేస్తున్న పనికి అప్పుడే పేరు వినిపిస్తే ఆ మాట నిలిచిపోతుంది. ఒంపు, పిండు, అద్దు, తుడువు, గట్టిగా, మెల్లగా, అంచుదాకా, ఇంకొంచెం వంటి మాటలు పిల్లలకు చేతి అనుభవంతో పాటే అందాలి. ఇంట్లో లంబాడీ, కోయ, ఉర్దూ మాట్లాడే పిల్లలు ఉన్న తరగతుల్లో కనీసం ఓ ఇరవై మాటలు వారి భాషలో టీచరు నేర్చుకుంటే వారి బెరుకు సగం తగ్గుతుంది. విదేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఇంట్లో వంటపని సాగే సమయమే తెలుగు బాగా వచ్చే సమయమని తల్లిదండ్రులు గుర్తించాలి. మాట్లాడమన్నాము కదా అని ఆగకుండా వ్యాఖ్యానించడమూ మంచిది కాదు. లీనమై ఉన్న బిడ్డ దగ్గర మౌనంగా ఉండి, తలెత్తి చూసినప్పుడు ఒక మాట చెప్పండి.

ప్రశ్న: మా బాబు ఏ పనీ ముట్టుకోడు, ఊరికే చూస్తూ నిలబడతాడు.

చూడటం కూడా పనే. కొందరు పిల్లలు చాలారోజులు దూరం నుంచి చూసి, ఒకరోజు వచ్చి అంతా తెలిసినట్టే చేస్తారు. తడి, జిగురు గిట్టని పిల్లలకు చెంచానో కుంచెనో ఇచ్చి తాకకుండా చేసే మార్గం చూపండి. చెయ్యి పట్టుకుని బలవంతంగా ముంచవద్దు.

ప్రశ్న: మాంటిస్సోరి అని బోర్డు ఉంటే ఇవన్నీ ఉన్నట్టేనా?

ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో పేద కార్మికుల పిల్లల కోసం బాలగృహం అనే తన తొలి బడిని తెరిచారు. 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి, రెండో ప్రపంచ యుద్ధ కాలమంతా మన దేశంలోనే ఉండి ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆమె పేరు దక్షిణాదిలో ఇంత వ్యాపించడానికి అది ఒక కారణం. అయితే ఆ పేరును ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. గదిలోకి వెళ్ళి చూడండి. అరలు పిల్లల ఎత్తులో ఉన్నాయా, సామాను గాజు బీరువాలో తాళం వేసి ఉందా, పిల్లలు తమకు తామే తీసుకుని తిరిగి పెడుతున్నారా అన్నది చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ప్రశ్న: ట్యాబ్‌లో రంగులు వేయించే యాప్‌లు కూడా చేతిపనే కదా?

గాజు పలక మీద వేలు జరిపితే బరువు, తడి, గరుకు, ప్రతిఘటన ఏవీ తెలియవు. రెండేళ్ళలోపు పిల్లలకు తెర వద్దని, రెండేళ్ళ నుంచి రోజుకు గంటకు మించకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆ గంట తరగతి సమయంలో ఉండవలసిన అవసరం ఏదీ మాకు కనిపించలేదు.

ప్రశ్న: బట్టలు పాడవుతున్నాయని తల్లిదండ్రులు గొడవ చేస్తున్నారు.

చేరిన రోజే పాత బట్టల జత ఒకటి అడిగి సంచిలో ఉంచుకోండి. ఒక శనివారం తల్లిదండ్రులను పిలిచి, వారిచేతనే పిండి కలిపించి, పిల్లల పక్కన కూర్చోబెట్టండి.

ప్రశ్న: మార్కులు, వర్క్‌షీట్లు లేకపోతే బిడ్డ ఎదుగుదలను ఎలా చెప్పాలి?

రోజూ ఇద్దరు ముగ్గురు పిల్లలను మాత్రమే ఎంచుకుని, చూసినదాన్ని చూసినట్టు రెండు వాక్యాలు రాసుకోవాలి. "బాగా ఆడింది" అన్న మాట వల్ల ప్రయోజనం లేదు. "జగ్గు నుంచి మూడు గ్లాసులు నింపింది, మూడోది అంచు దగ్గర ఆపింది, ఒలికిన నీళ్ళను అడగకుండానే తుడిచింది" అని రాస్తే, రెండు నెలల తరువాత తల్లికి చదివి వినిపించినప్పుడు తేడా ఆమెకే కనిపిస్తుంది. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2024లో మూడేళ్ళలోపు పిల్లల కోసం నవచేతన అనే మార్గదర్శకాన్ని విడుదల చేసింది. 36 నెలల వయసు వరకు నెలల వారీగా ఏ పనులు చేయించవచ్చో అందులో ఉంది. అంగన్‌వాడీలకు ఉద్దేశించినదే అయినా ప్లేస్కూళ్ళకూ ఇళ్ళకూ ఉపయోగపడుతుంది.

ప్రశ్న: పనులు చేసేటప్పుడు ఏ లక్షణాలు కనిపిస్తే డాక్టరు దగ్గరకు పంపాలి?

ఏడాదిన్నర నిండినా నడవకపోవడం, పేరు పెట్టి పిలిచినా తరచూ పలకకపోవడం, నచ్చినదాన్ని వేలితో చూపించకపోవడం, రెండేళ్ళు దాటినా రెండు మాటలు కలిపి అనకపోవడం, అంతకుముందు వచ్చిన మాటలు గానీ పనులు గానీ పోవడం: వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు. చివరిది మరీ ముఖ్యం. "మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయి" అని పెద్దలు చెప్పే ధైర్యం మీద ఏడాది గడిపేసే కుటుంబాలు చాలా ఉన్నాయి, ఆ ఏడాది తిరిగిరాదు. టీచరు రోగనిర్ధారణ చేయకూడదు, ఆటిజం వంటి పేర్లు పెట్టకూడదు. తేదీలతో రాసుకున్న పరిశీలనలను తల్లిదండ్రుల ముందు ఉంచి, ముందుగా వినికిడి పరీక్ష, పిల్లల వైద్యుని సలహా అడగమని చెప్పాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఎదుగుదలలో జాప్యం కనిపించినవారిని డీఈఐసీ అని పిలిచే, జిల్లా స్థాయిలో ఉండే సత్వర చికిత్స కేంద్రానికి పంపిస్తారు. దగ్గరలోని అంగన్‌వాడీ కార్యకర్తనో ఆశా కార్యకర్తనో అడిగితే ఆ కేంద్రం ఎక్కడ ఉందో, బృందం ఊరికి ఎప్పుడు వస్తుందో చెబుతారు. పరీక్షలు, చికిత్స జరుగుతున్న రోజుల్లో కూడా బిడ్డ తరగతికి వస్తూనే ఉండాలి, తన శక్తికి తగ్గట్టు మార్చిన పనులు తనకు అందుతూనే ఉండాలి.